కంప్రెసర్ ఎందుకు చచ్చిందో అడిగారా?

ఈమధ్య కారు ఏసీ కంప్రెసర్ కూడా కొరియర్‌లో ఇంటికొస్తోంది. అట్టపెట్టె, దానిలో థర్మోకోల్, ఆ లోపల ప్లాస్టిక్ కవర్లో తళతళలాడే అల్యూమినియం సామాను. ఆదివారం పొద్దున మా అపార్ట్‌మెంట్ సెల్లార్లోకి దిగితే ఎవరో ఒకరు కారు కింద వెల్లకిలా పడుకునే ఉంటారు. టైరుకి ఆనించిన ఫోనులో ఎవడో కుర్రాడు హిందీలో పాఠం చెబుతుంటాడు. వీడు ఆపుతాడు, చూస్తాడు, బోల్టు తిప్పుతాడు, మళ్ళీ ఆపుతాడు. మధ్యాహ్నానికి పాత కంప్రెసర్ బయట, కొత్తది లోపల. సాయంత్రానికి వాట్సాప్ గ్రూపులో ఫోటో, దాని కింద వరసగా బొటనవేళ్ళు.

విజయవాడ ఆటోనగర్లో కార్ల ఏసీల దగ్గరే బతుకంతా గడిపినవాణ్ణి. ఆ ఫోటో చూస్తే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఇంట్లో విప్పుకున్నారని కాదు. విప్పడంలో ఏముంది? నాలుగు బోల్టులు, ఒక బెల్టు, ఒక కరెంటు కప్లర్, రెండు గ్యాస్ పైపులు. 12 నంబరు, 10 నంబరు స్పానర్లు, నమ్మదగ్గ జాకీ ఉంటే చాలా చిన్న కార్ల కంప్రెసర్ ఊడొస్తుంది. నా బాధల్లా ఒకటే. చచ్చినదాన్ని అట్టపెట్టెలో పెట్టి పాత ఇనపసామాన్లవాడికి వేసేస్తారే గాని, అది ఎందుకు చచ్చిందని ఒక్కడూ అడగడు. శవపంచనామా లేకుండా దహనం చేసేస్తారు.

మా రోజుల్లో ఏసీ కారంటే ఊళ్ళో వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. పొగాకు వ్యాపారులు, గాంధీనగర్ సినిమా పంపిణీదార్లు, పెద్ద కాంట్రాక్టర్లు. అంబాసిడర్ డాష్‌బోర్డు కింద ఒక పెట్టె వేలాడేది, ముందు సీట్లో కూర్చున్నవాడి మోకాళ్ళు గడ్డకట్టేవి, వెనకసీట్లో యజమాని తువ్వాలుతో విసురుకునేవాడు. తరవాత మారుతి 800 వచ్చింది. దాని ఇంజనే 796 సీసీ. కంప్రెసర్ అందుకుందంటే బండి ఊపిరి బిగబట్టేది. తిరుమల ఘాట్ ఎక్కేటప్పుడు ఏసీ ఆపెయ్యడం డ్రైవర్లందరికీ తెలిసిన మర్యాద. ఆ కాలంలో ఎవరూ కంప్రెసర్ మార్చేవారు కాదు, మార్చడానికి కొత్తది దొరికితే కదా! బొంబాయి నుంచో మద్రాసు నుంచో తెప్పించాలి, అది వచ్చేలోపు వేసవి అయిపోతుంది. అందుకని ఉన్నదాన్నే బతికించేవాళ్ళం.

బతికించడానికి వీలుగానూ ఉండేవి అవి. పాత రెండు పిస్టన్ల కంప్రెసర్లకు అడుగున సొంతంగా ఆయిల్ తొట్టి ఉండేది. పుల్ల ముంచి ఆయిల్ ఎంతుందో చూసుకునేవాళ్ళం. తల విప్పితే వాల్వ్ పలక చేతికొచ్చేది. మాసితే రుద్ది, గాస్కెట్ షీటు కత్తిరించి మళ్ళీ బిగించేవాళ్ళం. ముందువైపు షాఫ్ట్ సీలు పోతే సీలే మార్చేవాళ్ళం. మ్యాగ్నెట్ కాయిల్ కాలితే మోటార్లు చుట్టేవాడి దగ్గరికి పంపి చుట్టించేవాళ్ళం. పుల్లీ బేరింగ్ గురగురమంటే ప్రెస్సు మీద బేరింగ్ ఒక్కటే కొట్టి దించేవాళ్ళం. ఇప్పుడో? బేరింగ్ అరిస్తే కంప్రెసర్ పోయిందంటారు. కాయిల్ పోతే కంప్రెసర్ పోయిందంటారు. ఫ్యూజు పోయినా అదే మాట! మల్టీమీటర్ పెట్టి చూస్తే మంచి కాయిల్ మామూలుగా మూడు నాలుగు ఓములు చూపిస్తుంది. అసలు చూపించకపోతే తెగింది. ఓములు బాగానే ఉండి పలక అంటుకోకపోతే ఫీలర్ గేజ్ పెట్టి సందు చూడాలి, అర మిల్లీమీటర్ అటూఇటూ ఉండాలి. అరిగి ఎక్కువైతే లోపలి వాషర్ ఒకటి తీస్తే చాలు, మళ్ళీ టక్కున అతుక్కుంటుంది. ఈ కాసేపటి పని చెయ్యక వేలకు వేలు పోసినవాళ్ళని ఎంతమందిని చూశానో.

ఒప్పుకోవలసిందీ ఉంది. కొత్త కార్లలో చాలావాటికి మ్యాగ్నెట్టే లేదు. పుల్లీ ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది, లోపలి పలక వంపుని కంప్యూటర్ చెప్పినట్టు ఒక వాల్వు మారుస్తుంది. టక్‌మనే చప్పుడు కోసం చెవి రిక్కించుకు కూచునే నాలాంటివాడికి అక్కడ పనిలేదు. అయినా ఆ వాల్వు కూడా విడిగా దొరికే వస్తువే, దానికోసం మొత్తం కంప్రెసర్ని తగలెయ్యనక్కర్లేదు.

మా మేస్త్రి నా చేతికి స్పానర్ ఇచ్చేముందు చూపు నేర్పాడు. గ్యాస్ బయటికి పోతూ వెంట ఆయిల్‌ని తీసుకుపోతుంది, ఆ తడికి దుమ్ము అంటుకుంటుంది. కాబట్టి జిడ్డుగా, నల్లగా ఉన్న జాయింట్ దగ్గర వేలు పెట్టు, లీకు అక్కడే. ఇది మొదటి పాఠం. రెండోది దీపం. హాలైడ్ టార్చ్ అనేవాళ్ళం. మంట పైన రాగి పలక, పక్కన పొడుగాటి రబ్బరు గొట్టం. గొట్టం చివర పైపు జాయింట్ల వెంట నడిపిస్తుంటే లీకున్నచోట మంట పచ్చగా మారేది. చీకట్లో ఆ పచ్చ మంట చూడటానికి పక్కషెడ్ల కుర్రాళ్ళు కూడా వచ్చేవారు. అది పచ్చబడేది అప్పటి ఆర్12 గ్యాస్‌లో ఉన్న క్లోరిన్ వల్ల. మంటకి తగిలిన ఆ గ్యాస్ విషవాయువుగా మారుతుందని మేస్త్రి షెడ్డు రెండు తలుపులూ తెరిపించేవాడు. ఇప్పటి ఆర్134ఎలో క్లోరిన్ లేదు, ఆ దీపం ముందు ఎంత పోయినా మంట రంగు మారదు. నైట్రోజన్ నింపి సబ్బునురగ పూసో, రంగు వేసి అతినీలలోహిత లైటు కొట్టో చూసుకోవాల్సిందే. సబ్బునురగ మాత్రం ఏ కాలంలోనూ అబద్ధం చెప్పలేదు.

ఇక అసలు గొడవకి వస్తాను. మా పై ఫ్లాట్ అబ్బాయి, సాఫ్ట్‌వేర్, బుద్ధిమంతుడే, మెట్లమీద కనపడి చెప్పాడు. “బాబాయ్‌గారూ, శబ్దం వచ్చి కంప్రెసర్ పట్టేసిందండీ. కొత్తది ఆర్డర్ పెట్టేశాను, ఎల్లుండి వస్తుంది.”

“పట్టెయ్యకముందు ఎలా ఉండేది?”

“హైవే మీద బాగా చల్లగా వచ్చేదండి. బెంజి సర్కిల్ దగ్గర ఆగితే మాత్రం వేడిగాలి.”

“ముందున్న ఫ్యాను తిరుగుతోందా?”

“ఏ ఫ్యానండీ?”

అదీ సంగతి! బండి పరుగెత్తుతుంటే గాలి దానంతటదే కండెన్సర్‌కి తగులుతుంది. ఆగితే తగలాలంటే ఫ్యాను తిరగాలి. తిరగకపోతే హై ప్రెజర్ ఎక్కడికో పోతుంది, ఆయిల్ ఉడికిపోతుంది, కంప్రెసర్ కొన్నాళ్ళు ఓర్చి బిగుసుకుపోతుంది. మే నెల బెజవాడ రోడ్డు మీద అది ఎన్నాళ్ళు ఓరుస్తుంది? వీడియోలో కుర్రాడు బోల్టులు చూపించాడు గాని ఫ్యాను సంగతి చెప్పలేదు. కొత్త కంప్రెసర్ పెట్టి అదే ఫ్యానుతో తోలితే రెండో కొరియర్ కూడా వచ్చేది. ఫ్యాను మోటారు మార్చేదాకా కొత్త పెట్టె విప్పనివ్వలేదు నేను.

కంప్రెసర్లు మామూలుగా వయసు మీదపడి చావవు, ఎవరో చంపుతారు. ఎక్కువమందిని చంపేది గ్యాస్ తక్కువవడం. ఇప్పటి కంప్రెసర్లకు పాతవాటిలా తొట్టి లేదు. ఆయిల్ గ్యాస్‌తో కలిసి కండెన్సర్, కూలింగ్ కాయిల్ అన్నీ చుట్టి మళ్ళీ కంప్రెసర్‌కి రావాలి. గ్యాస్ సగమైతే ఆయిల్ తిరిగి రాదు, ఎక్కడో మూలన కూర్చుంటుంది. చల్లదనం తగ్గిందని మీరు బ్లోయర్ నంబరు రెండునుంచి నాలుగుకి పెంచి తోలుతూ ఉంటారు, లోపల పిస్టన్లు ఎండు గొంతుతో కొట్టుకుంటూ ఉంటాయి. ఇంకోటి తేమ. పైపు విప్పి మూత పెట్టకుండా భోజనానికి పోతారు. ఇప్పటి ఏసీల్లో వాడే ప్యాగ్ ఆయిల్ గాల్లో తేమని పీల్చేసుకునే రకం. పాత ఆర్12 బళ్ళలో మినరల్ ఆయిల్ ఉండేది, దానికి ఇంత దాహం లేదు. తేమ చేరితే లోపల ఆమ్లం పుడుతుంది, అల్యూమినియాన్ని తింటుంది.

పట్టేసిన కంప్రెసర్ ఇంటికొస్తే నేను మొదట చేసేది దాన్ని తలకిందులు చేసి ఒక తెల్ల గిన్నెలోకి ఆయిల్ ఒంచడం. తేనెరంగులో ఉంటే సంతోషం. నల్లగా ఉండి, గిన్నె ఊపితే వెండి పొడి మెరిస్తే ఇక ఆ కారులో కంప్రెసర్ ఒక్కటే మార్చి లాభంలేదు. ఆ లోహపు పొడి కండెన్సర్ నిండా ఉంటుంది. పాత కండెన్సర్లు ఒకే లావు గొట్టం మెలికలు తిప్పి చేసినవి. మందు పోసి, నైట్రోజన్ కొట్టి కడిగితే శుభ్రపడేవి. ఇప్పటివి సన్నటి సందులు పక్కపక్కనే పేర్చినవి. కడిగే మందు తెరిచి ఉన్న సందులోంచి దారి చూసుకుని పోతుంది, మూసుకున్నవి మూసుకునే ఉంటాయి. మార్చాల్సిందే. డ్రయ్యర్ మార్చాల్సిందే, ఎక్స్‌పాన్షన్ వాల్వ్ మార్చాల్సిందే. ఇది చెబితే “బాబాయ్‌గారు ఖర్చు పెట్టిస్తున్నారు” అంటారు. డ్రయ్యర్ ఖరీదు కంప్రెసర్ ఖరీదులో ఎన్నో వంతు? దాని లోపల తేమ పీల్చే గుళికలుంటాయి. మూతలు తీసి గాలికి పెట్టిన క్షణంనుంచి అవి పని మొదలెడతాయి. అందుకే బిగించే నిమిషం దాకా మూతలు తియ్యొద్దని మొత్తుకునేది. పిల్లలు పెట్టెలో రాగానే మూతలు పీకి ఫోటో తీసుకుంటారు!

ఆయిల్ లెక్క గురించి ఎవరూ మాట్లాడరు. కొత్త కంప్రెసర్‌లో కంపెనీవాళ్ళు చాలాసార్లు మొత్తం సిస్టానికి సరిపడా ఆయిల్ పోసి పంపుతారు. మిగతా భాగాలన్నీ పాతవే ఉంచితే వాటిలో పాత ఆయిల్ ఉంటుంది కదా. కాబట్టి పాత కంప్రెసర్ నుంచి ఎంత వచ్చిందో కొలిచి, కొత్తదాంట్లో దానికి తగ్గట్టు ఉంచి, ఎక్కువైంది తీసెయ్యాలి. ఆయిల్ ఎక్కువైనా చల్లదనం రాదు, తక్కువైతే కంప్రెసర్ ఉండదు. బిగించాక ముందు పలకని చేత్తో పదిసార్లు తిప్పాలి, లోపల పోగైన ఆయిల్ పిస్టన్ పైకి చేరకుండా. ఓ రింగులకు అదే ఆయిల్ రాయాలి, గ్రీజు పులమకూడదు.

వాక్యూమ్ దగ్గర నాకూ ఆటోనగర్ కొత్తతరానికీ ఎప్పుడూ పేచీ. “బాబాయ్, గ్యాస్‌తోనే గాలి తోసేద్దాం” అంటారు. ఎండాకాలం ముందర ఎంత పొడిగా ఉన్నా, వానలు మొదలయ్యాక కృష్ణ ఒడ్డున గాలి పిండితే నీళ్ళు. ఆ నీటిని పైపుల్లోంచి తియ్యడానికి వాక్యూమ్ పంపు తప్ప దారి లేదు. మామూలు గాలి ఒత్తిడి పాదరసం 760 మిల్లీమీటర్లు. దాన్ని 30 దాకా దించితే 30 డిగ్రీల వేడికే నీళ్ళు మరిగి ఆవిరైపోతాయి. అందుకే ముళ్ళు కిందికి పడగానే పంపు ఆపకూడదు, అరగంట ముప్పావుగంట నడవాలి. ఆపాక గేజ్ ముల్లు కదలకుండా కాసేపు నిలబడాలి. పైకి పాకిందంటే లీకుందన్నమాట. మా రోజుల్లో మంచి వాక్యూమ్ పంపు వీధికొకటి ఉండేది, పక్కషెడ్డువాణ్ణి బతిమాలి తెచ్చుకునేవాళ్ళం. ఇప్పుడు చిన్నది మామూలు స్మార్ట్‌ఫోన్ ఖరీదు లోపే దొరుకుతుంది. అయినా కొనరు!

గ్యాస్ సంగతికొస్తే, ఇక్కడ మాత్రం ఇప్పటివాళ్ళ పద్ధతే మేలంటాను. మేం డ్రయ్యర్ నెత్తిన ఉండే గాజు కన్నులోంచి చూసేవాళ్ళం. బుడగలు పోతుంటే గ్యాస్ చాలలేదు, బుడగలు ఆగితే చాలు. ఆర్12కి, కిలో దగ్గర పట్టే పెద్ద సిస్టాలకి అది నడిచింది. ఇప్పటి చిన్న కారుకి పట్టేది నాలుగొందల గ్రాములు అటూఇటూ. బానెట్ కింద చీటీ మీద గ్రాములతో సహా రాసి ఉంటుంది. త్రాసు పెట్టి తూచి ఎక్కించాలి. యాభై గ్రాములు ఎక్కువైనా తేడా తెలుస్తుంది. చాలామంది చీటీ చూడరు, త్రాసు పెట్టరు, ఇంజన్ ఆపి గేజ్ పెట్టి “వంద చూపిస్తోంది, సరిపోయింది” అంటారు. ఒరే నాయనా, 30 డిగ్రీల ఎండలో ఆర్134ఎ ఊరకనే దాదాపు వంద పీఎస్ఐ చూపిస్తుంది. లోపల ద్రవం కొంచెం మిగిలి ఉంటే చాలు, వంద గ్రాములున్నా నాలుగొందలున్నా అదే ముల్లు.

క్యాన్లలో ఏముందో నమ్మకం కూడా లేదు. 2011లో సముద్రం మీద తిరిగే చల్లటి కంటైనర్లు కొన్ని పేలి పోర్టుల్లో పనివాళ్ళు చచ్చిపోయారు. ఆర్134ఎ పేరుతో నింపినదాంట్లో మిథైల్ క్లోరైడ్ కలిపారు. అది అల్యూమినియంతో చేరితే గాలి తగలగానే మండే పదార్థం తయారవుతుంది. కారు కంప్రెసర్ కూడా అల్యూమినియమే. సగం ధరకి క్యాను దొరికిందని మురిసేవాళ్ళకి ఈ కథ చెబుతాను, వాళ్ళు ఫోను చూసుకుంటూ వింటారు.

పాత గ్యాస్‌ని గాల్లోకి వదిలెయ్యడం మరో దరిద్రం. ఆర్12ని కనిపెట్టిన బృందంలో ముఖ్యుడు థామస్ మిడ్‌జ్‌లీ. పెట్రోల్లో సీసం కలిపే పద్ధతి కూడా ఆయన చలవే, అదొక జాతకం. ఆయన గ్యాస్ ఓజోన్ పొరని తింటోందని 1987లో మాంట్రియల్ ఒప్పందం చేశారు, 1992లో మనదేశం చేరింది. ఆర్134ఎ ఓజోన్ జోలికి పోదు, కానీ భూమిని వేడెక్కించడంలో ఒక కిలో 1430 కిలోల బొగ్గుపులుసు వాయువుకి సమానమని లెక్క కట్టారు. గ్యాస్‌ని లాగి సిలిండర్లో పెట్టుకునే యంత్రాలున్నాయి. పైపు విప్పేముందు ఏదైనా మంచి షాపుకి తీసుకెళ్ళి లాగించుకుని, తరవాత ఇంట్లో విప్పుకోవచ్చు. నట్టు వదులుచేసి సుయ్‌మంటూ వదిలెయ్యడమే తేలిక కదా! ద్రవంగా వేలి మీద పడితే అది మైనస్ 26 దగ్గర మరుగుతుంది, వేలు చచ్చుబడుతుంది. కళ్ళద్దాలు లేకుండా కారు కిందికి దూరేవాళ్ళని నేను కాళ్ళు పట్టుకుని బయటికి లాగాను.

బ్యాటరీ కార్లొచ్చాయి, వాటిలో కంప్రెసర్‌కి బెల్టే లేదు. వందల వోల్టుల కరెంటు నారింజరంగు వైర్లలో వస్తుంది. లోపల ఆయిల్ కూడా వేరే, కరెంటుకి అడ్డం నిలిచేది. మామూలు ప్యాగ్ ఆయిల్ పొరపాటున కొంచెం చేరినా ఇన్సులేషన్ దెబ్బతింటుంది. వాటి జోలికి సెల్లార్లో ఎవరూ పోకూడదు, నేనూ పోను. నారింజరంగు కనిపిస్తే చేతులు జేబులో పెట్టుకోండి.

కార్లకి ఏసీ వచ్చిన మొదటి రోజుల్లో, 1940లో అమెరికాలో ప్యాకార్డ్ కంపెనీ అమ్మిన ఏసీ కార్లకు కంప్రెసర్ని ఆపే క్లచ్చే లేదట. చలికాలం రాగానే బానెట్ ఎత్తి బెల్టు ఊడదీసి పక్కన పెట్టుకునేవారు. మనవాళ్ళు బెల్టు ఉంచి కూడా అదే చేస్తారు. దసరా దాటగానే ఏసీ బటన్ మూసేస్తారు, మళ్ళీ హోలీకి నొక్కుతారు. ఆ నెలలన్నీ షాఫ్ట్ సీలుకి ఆయిల్ తగలదు, ఎండిపోయి గ్యాస్ వదిలేస్తుంది. మార్చిలో నా దగ్గరికి వచ్చే కేసుల్లో ఇవే ఎక్కువ. సంక్రాంతి చలిలో కూడా వారానికోసారి పది నిమిషాలు ఏసీ వెయ్యండయ్యా అని పై ఫ్లాట్ అబ్బాయికి చెప్పాను. కొత్త కంప్రెసర్‌కి వేలు పోసినవాడు, వెంటనే ఫోను తీసి లెక్క వేసి, “పెట్రోలు దండగ కదండీ బాబాయ్‌గారూ” అన్నాడు.